రక్తం కారని గాయం

"పొద్దున ఆయన చొక్కా గుండీలు నేనే పెట్టాను సిస్టర్. రాత్రికి విప్పాల్సిందీ నేనే. ఈ మధ్యలో వెళ్ళి ఒక మనిషిని చంపొచ్చాడంటున్నారు."

గుమ్మంలో నిలబడి ఈ మాట అన్నావిడ ఏడవలేదు. ఏడవాల్సిందంతా పోలీస్ స్టేషన్ మెట్ల దగ్గరే అయిపోయినట్టుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి, గొంతు మాత్రం బొంగురుపోయింది. సిస్టర్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. తను కూర్చున్న ఆ కాస్త సేపట్లో అక్కడ స్టేషన్‌లో మొగుణ్ణి కొడతారేమోనని ఆవిడ భయం.

సిస్టర్‌కి సొంత పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు సైనికాసుపత్రిలో కట్లు కట్టి, సూదులు పొడిచి, పోయేవాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషిని అందరూ సిస్టర్ అనే పిలిచారు కాబట్టి ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. రిటైరయ్యాక మోకాళ్ళకి నూనె రాసుకుంటూ ఇంట్లో పడుండే రకం కాదామె. గాయాన్ని చూసి ఏ వస్తువుతో తగిలిందో చెప్పడం ఆసుపత్రిలో అబ్బిన విద్య. ఎవరి చేత్తో తగిలిందో చెప్పడం తర్వాత నేర్చుకుంది. ఇప్పుడు అదే ఆమె వృత్తి.

"చంపింది ఎవర్ని అంటున్నారు?"

"కల్నల్‌గారిని. పతకాల బోర్డు పెద్దాయన్ని."

సిస్టర్ చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టింది. "నడుస్తూ చెప్పు."

నడుస్తూ చెప్పింది. సగం సిస్టర్‌కి తన వార్డు నుంచే తెలుసు. ఆవిడ మొగుడు సైన్యంలో టెలిఫోన్ తీగలు లాగేవాడు. ఆరేళ్ళ కిందట కాలువ దగ్గర జరిగిన పోరులో ఫిరంగి గుండు పక్కనే పడింది. ఒంటి మీద గోటి గీత కూడా పడలేదు, కానీ ఆ రోజు మొదలైన చేతుల వణుకు ఈ రోజు వరకూ ఆగలేదు. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేసరికి సగం ఒళ్ళో పడుతుంది. తోటి సైనికులు అతనికి గిలక్కాయ అని పేరు పెట్టారు. అతను కూడా ఆ పేరుకే పలికేవాడు. పోట్లాడి మాన్పించే ఓపిక లేక అలవాటు చేసుకున్నాడు.

గాయపడ్డ సైనికులకు ఒక పతకం ఇస్తారు. గిలక్కాయ దానికోసం మూడుసార్లు బోర్డు ముందుకు వెళ్ళాడు. మూడుసార్లూ కల్నల్ ఒకటే మాట అడిగాడు: గాయం ఎక్కడుందో చూపించు. రక్తం కారితేనే గాయమని నిబంధన. వణుకుతున్న రెండు చేతులూ ముందుకు చాచి చూపిస్తే, అవి గాయాల్లోకి రావన్నారు. మూడోసారి గిలక్కాయ బల్ల గుద్ది, "మీకు కావలసింది రక్తమేగా" అని అరిచి బయటికొచ్చాడు. ఆ మాట విన్నవాళ్ళు ఒక డజను మంది ఉన్నారు.

"ఇంకేం, ఇన్‌స్పెక్టర్‌కి కారణం దొరికిపోయింది" అంది సిస్టర్. "ఇవాళ అక్కడికెందుకు వెళ్ళాడు మరి?"

"రమ్మని పొద్దున కల్నల్‌గారే కబురు పెట్టారు. ఎందుకో చెప్పలేదు. సాయంత్రం పతకాలిచ్చే సభ ఉంది కదా, మనసు మారిందేమో అనుకున్నాం. అందుకే మంచి చొక్కా తొడిగాను." ఆవిడ సిస్టర్ మొహంలోకి చూసింది. "హత్య అని తేలితే ఉరేనటగా సిస్టర్?"

సిస్టర్ అబద్ధాలు చెప్పే మనిషి కాదు. అలాగని నిజం చెప్పడానికి అది సమయమూ కాదు. చెయ్యి పట్టుకుని నడిపించింది.

కల్నల్ ఇంటి గేటు దగ్గర కానిస్టేబుల్ ముద్దాయి భార్యని ఆపేశాడు. సిస్టర్‌ని ఆపుదామని చెయ్యెత్తి, ఆవిడ చూసిన చూపుకి ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. వరండాలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. చురుకైనవాడే, కాకపోతే చురుకుతనం అంతా కేసులు మూయడంలో ఉంటుంది. కాలు విరిగి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు సూది చూసి స్పృహ తప్పిన చరిత్ర అతనిది. ఆ సంగతి ఈ ప్రపంచంలో సిస్టర్‌కి ఒక్కదానికే తెలుసు. అందుకే ఆమె కనపడితే అతను పక్కకి తప్పుకోవాలని చూస్తాడు.

"వచ్చేశారా" అన్నాడు. "పిలవని పేరంటానికి మీరెప్పుడూ ముందే ఉంటారు."

"పిలిచారు నాయనా. నువ్వు పట్టుకెళ్ళినవాడి పెళ్ళాం పిలిచింది."

"ఇందులో మీరు చూడ్డానికేం లేదు సిస్టర్. పగ ఉంది. అతను ఇంట్లోకి రావడం కల్నల్‌గారి పనులు చూసే ఆర్డర్లీ చూశాడు. చొక్కా చేతికి రక్తం ఉంది. సభ మొదలయ్యేలోగా పై వాళ్ళకి ఫలానావాడు చేశాడని చెప్పాలి. చెప్పేస్తాను."

"కేకలు పెట్టి జనాన్ని పిలిచింది ఎవరు?"

ఇన్‌స్పెక్టర్ మొహం కాస్త ముడుచుకుంది. "అతనే. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు."

"సరే. నాకు చేతులు కడుక్కోడానికి నీళ్ళు చూపించు, ఆ తర్వాత గది చూపించు. శవాన్ని తీసుకెళ్ళే బండి ఇంకా రాలేదుగా. వచ్చేదాకా నన్ను భరించు."

కాదంటే ఆ సూది సంగతి వరండాలో ఎక్కడ బయటపడుతుందోనని కాబోలు, అతను దారి ఇచ్చాడు.

మేడమీద దుస్తుల గది చిన్నది. ఒక అద్దం, ఒక బల్ల, బీరువా, గోడవారగా ఇస్త్రీ చేసే బల్ల. ఇస్త్రీపెట్టె దాని స్థానంలోనే నిలబెట్టి ఉంది. అడుగు అంచుకి రక్తం, నాలుగు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. గదికి రెండు తలుపులు. ఒకటి మెట్ల వైపు, ఒకటి పడకగదిలోకి. అద్దం ముందు కుర్చీలో కల్నల్ కూర్చుని ఉన్నాడు. పూర్తి యూనిఫాం, మెడదాకా గుండీలు, మెరిసే బూట్లు. తల మాత్రం ఒక పక్కకి వాలిపోయింది.

చావుని ఎన్నోసార్లు చూసిన మనిషే అయినా, ముస్తాబై కూర్చున్న శవాన్ని చూస్తే సిస్టర్‌కి దిగులేసింది. ఈ మనిషి మంచివాడా చెడ్డవాడా అనేది తర్వాత సంగతి. ఇంత శ్రద్ధగా తయారై ఎక్కడికీ వెళ్ళకుండా పోయాడు.

ఆమె వంగి చూసింది. దెబ్బ తల వెనక, కుడి చెవికి పైన తగిలింది. ఒక్కటే దెబ్బ. రక్తం దవడ మీదుగా జారి కోటు ముందు భాగంలో చుక్కలు చుక్కలుగా పడి ఎండింది. అద్దం కింద బల్ల మీద కూడా ఒక మరక ఉంది.

"కొట్టగానే ముందుకి బల్ల మీద పడ్డాడు" అంది సిస్టర్. "తర్వాత ఎవరో లేపి వెనక్కి ఆనించారు."

"గిలక్కాయే. లేపి చూశానని తనే చెప్పాడు. చేతికి రక్తం అంటిందీ అందుకేనట."

సిస్టర్ చూపు కోటు ఛాతీ మీద ఆగిపోయింది. రంగురంగుల రిబ్బన్లకి వేలాడే తొమ్మిది పతకాలు, వరుసగా ఒకే లోహపు పట్టీకి బిగించి ఉన్నాయి. ఆ పట్టీ కోటుకి కుడివైపు గుచ్చి ఉంది.

"నాయనా, సైనికులు పతకాలు ఏ పక్క పెట్టుకుంటారు?"

"ఛాతీ మీద."

"ఛాతీకి రెండు పక్కలున్నాయి."

ఇన్‌స్పెక్టర్ ఒకసారి తన ఛాతీ చూసుకున్నాడు. "ఎడమ పక్కే అనుకుంటా. అయితే? ముసలాయన కంగారులో అటు పెట్టుకుని ఉంటాడు."

"నలభై ఏళ్ళు ఎడమ పక్క పెట్టుకున్నవాడు ఇవాళ కంగారులో కుడి పక్క పెట్టుకున్నాడా? అన్నం నోట్లో పెట్టుకోబోయి ముక్కులో పెట్టుకున్నాడని చెప్పు, అదన్నా నమ్ముతాను." సిస్టర్ రెండు వేళ్ళతో పతకాల వరుసని మెల్లగా పైకెత్తింది. "ఇలా వంగి చూడు. పతకాల మీద రక్తం ఉందా?"

"లేదు."

"వాటి కింద, బట్ట మీద?"

ఇన్‌స్పెక్టర్ వంగాడు. పతకాలు కప్పిన చోట మూడు రక్తపు చుక్కలున్నాయి. రిబ్బన్ల వెనక వైపు ఆ తడి అంటి మచ్చలు పడ్డాయి. ముందువైపు మాత్రం అప్పుడే పాలిష్ చేసినట్టు శుభ్రంగా ఉంది.

"చుక్కలు ముందు పడ్డాయి. పతకాలు తర్వాత వచ్చాయి. ఈ పెద్దాయన పోయాక, రక్తం ఇంకా ఆరకముందు, ఎవరో నింపాదిగా ఇవి గుచ్చారు. కోటు గుడ్డ ఎంత మందమో చూశావుగా. పిన్ను రెండుచోట్ల ఎక్కి రెండుచోట్ల దిగింది, ఒక్క వంకర లేదు. ఈ పని గిలక్కాయ చేశాడంటావా? వాడు తన చొక్కా గుండీ తను పెట్టుకోలేడు."

ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గరికి వెళ్ళి, "ఆర్డర్లీని పిలవండి" అని బయటికి అరిచాడు.

ఆర్డర్లీ పొట్టి మనిషి. కల్నల్‌తో పాతికేళ్ళు ఉన్నవాడు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. శవం వైపు చూడకుండా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఈ కోటు ఇస్త్రీ చేసింది నువ్వేనా?" అంది సిస్టర్.

"నేనేనమ్మా. మధ్యాహ్నం భోజనాలయ్యాక చేసి, ఆయనకి తొడిగి, కారు తుడవడానికి కిందికెళ్ళాను."

"పతకాలు పెట్టింది?"

ఆర్డర్లీ గోడ వైపుకి ఇంకాస్త తిరిగాడు. ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు ముందుకేశాడు. సిస్టర్ చేత్తోనే అతన్ని ఆపింది.

"బాబూ, కోటు ఎడమ పక్క చూశాను. పట్టీ పిన్ను దూర్చడానికి దారంతో అల్లిన కాజాలు రెండు ఉండేవి అక్కడ. ఎవరో కోసేశారు. దారపు ముక్కలు ఇంకా బట్టకి వేలాడుతున్నాయి. ఆ కాజాలు అల్లిందెవరు?"

"నేనే."

"కోసింది?"

"నేనే." ఆర్డర్లీ ముక్కు తుడుచుకున్నాడు. "ఆయనే కోయమన్నారమ్మా. ఇవాళ పతకాలు పెట్టుకోను, ఇక ఎప్పుడూ పెట్టుకోను, ఆ కాజాలు కూడా కనపడకూడదు అన్నారు. పతకాలు తీసి బల్ల సొరుగులో పెట్టేశారు. ఎవరితోనూ అనొద్దని ఒట్టేయించుకున్నారు. ఇప్పుడు ఆయన ఛాతీ మీద అవి చూసి నాకు మతిపోయింది. ఎవరిని అడగాలో తెలియలేదు."

"ఎందుకు పెట్టుకోనన్నారు?"

"సభలో ఒక మాట చెప్పాలి, అది చెప్పేవాడు ఇవి పెట్టుకోకూడదు అన్నారు. అంతే. గిలక్కాయకి కబురు కూడా నాతోనే పంపించారు. వాడు రాగానే పైకి పంపు, మర్యాదగా పంపు అని రెండుసార్లు చెప్పారు."

"అప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారు?"

"చిన్నమ్మగారు, అంటే కోడలుగారు. కింద తన గదిలో తయారవుతున్నారు. వాళ్ళ పాప స్కూల్లో ఉంది."

ఆర్డర్లీ వెళ్ళాక ఇన్‌స్పెక్టర్ తలుపు మూశాడు. ఆ మూయడంలోనే అతని కోపం తెలిసింది.

"మీకు ముందే చెబుతున్నాను సిస్టర్. ఆవిడ జోలికి వెళ్ళకండి. కాలువ పోరులో ముగ్గురు గాయపడ్డవాళ్ళని గుళ్ళవర్షంలో మోసుకొచ్చి ప్రాణం వదిలిన లెఫ్టినెంట్ భార్య. అతని పతకం బొమ్మ స్కూలు గోడల మీద కూడా వేశారు. అలాంటి ఇంటిమీద మీరు బురద చల్లితే పోయేది నా ఉద్యోగం."

"నేను ఇంకా ఎవరి పేరూ ఎత్తలేదు. నువ్వే ఎత్తావు."

"పిన్నులు, దారాలు, కాజాలు! నేను దర్యాప్తు చేస్తున్నాను, మీరు దర్జీ దుకాణం పెట్టారు. ఆ వణుకు నిజమని ఎవరు చెప్పారు మీకు? నటన అని బోర్డులో డాక్టరే రాశాడు."

"ఆ డాక్టరు వాణ్ణి చూసింది ఐదు నిమిషాలు. నా వార్డులో నాలుగు నెలలున్నాడు." సిస్టర్ తన పమిటకున్న పిన్నీసు తీసి అతని అరచేతిలో పెట్టింది. "వెళ్ళి ఇది వాడికిచ్చి నీ జేబుకి గుచ్చమను. గుచ్చగలిగితే ఉరికెక్కించుకో, నేను అడ్డురాను. గుచ్చలేకపోతే వాణ్ణి పెళ్ళాంతో ఇంటికి పంపు."

పంతానికి పోయేవాడికి పందెం కంటే పెద్ద ఎర లేదు. ఇన్‌స్పెక్టర్ పిన్నీసు పిడికిట్లో బిగించి, వీధి చివరనున్న స్టేషన్‌కి చరచరా నడిచి వెళ్ళిపోయాడు. సిస్టర్‌కి మనసులో కాస్త ధైర్యం వచ్చింది. ఆ పిన్నీసు సంగతి తేలేసరికి గేటు దగ్గరున్న ఆవిడకి మంచి మాట చెప్పొచ్చు. ఆమె మెట్లు దిగి కోడలి గది తలుపు తట్టింది.

కోడలు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. సభకి తయారై ఉంది. ముదురు రంగు కోటు, దువ్విన జుట్టు, పెదవులకి రంగు లేదు. ఆ కోటు మీద ఒకే ఒక పతకం వేలాడుతోంది. గోడ మీద లెఫ్టినెంట్ ఫొటో. దాని కింద చిన్న ముక్కాలిపీట, పాప ఎక్కి నిలబడడానికి కాబోలు.

"మా మామయ్యగారిని తీసుకెళ్ళడానికి బండి వచ్చిందా?" అంది.

"ఇంకా లేదమ్మా. ఆయనకి దెబ్బ తగిలినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. అతను అరిస్తే పైకి పరిగెత్తాను. ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పాను ఇదంతా."

"మామయ్యగారు ఇవాళ పతకాలు పెట్టుకోనన్న సంగతి మీకు తెలుసా?"

"పెట్టుకున్నారుగా."

"ఎలా తెలుసు?"

"చూశాను. ఎప్పటిలాగే పెట్టుకుని ఉన్నారు."

"ఎప్పటిలాగా లేవమ్మా. కుడి పక్కన ఉన్నాయి. మీకు తేడా కనపడలేదా?"

సిస్టర్ కోడలి ఎదురుగా మంచం అంచున కూర్చుంది. ఇలాంటి మాటలు నిలబడి అడగకూడదని ఆమె నమ్మకం.

"మీకు కనపడకపోవడంలో తప్పు లేదు. పోయిన సైనికుడి పతకం ఇంటివాళ్ళు పెట్టుకునేటప్పుడు కుడి పక్కనే పెట్టుకోవాలి. ఎడమ పక్క సంపాదించినవాడిది, కుడి పక్క పోగొట్టుకున్నవాళ్ళది. ఆరేళ్ళుగా ప్రతి సభకీ మీరు అలాగే పెట్టుకుంటున్నారు. ఇప్పుడు కూడా మీది కుడి పక్కనే ఉంది. ఏ సైనికుడి చెయ్యీ కుడివైపు పోదు. ఆర్డర్లీ చెయ్యి నిద్రలో కూడా పోదు. ఈ ఇంట్లో పతకమంటే కుడివైపు అని తెలిసిన చేతులు ఒక జతే ఉన్నాయి."

కోడలు తన చేతులకేసి చూసుకుంది. అవి ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. కిటికీ బయటికి చూస్తూ, ఏదో ఇంటి సంగతి చెబుతున్నట్టు మామూలుగా మొదలుపెట్టింది.

"భోజనం దగ్గర చెప్పారు. మా ఆయన ఎవరినీ మోసుకురాలేదట. మొదటి గుండుకే పోయారట. ఆ ముగ్గురినీ మోసింది టెలిఫోన్ తీగలు లాగే మనిషట. ఆఖరున మా ఆయన శవాన్ని కూడా వదల్లేక భుజాన వేసుకొచ్చాడట. వచ్చాక మతి చెదిరి, చేతులు వణుకుతూ, ఏం జరిగిందో చెప్పలేకపోయాడట. కొడుకు పోయిన బాధలో ఆ పని కొడుకు చేసినట్టు ఈయన పై అధికారులకి చెప్పేశారు. తర్వాత ఆ మనిషే గాయపతకం ఇప్పించమని వచ్చి ఎదురుగా నిలబడితే, మొహం చూడలేక మూడుసార్లు తరిమేశారు. ఇవాళ అందరి ముందూ చెప్పేస్తాను, నీ కోటు మీదది కూడా తీసి ఇచ్చెయ్యాలమ్మా అన్నారు."

"మీరు బతిమాలారా?"

"బతిమాలాను. పైకి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. పాప రోజూ ఆ పీట ఎక్కి వాళ్ళ నాన్నకి సెల్యూట్ చేసి స్కూలుకెళ్తుంది. దానికి నేనేం చెప్పను అన్నాను. నిజం చెప్పు అన్నారు. అంత తేలిగ్గా అనేసి అద్దంలో జుట్టు దువ్వుకుంటున్నారు." ఆమె చూపు కిటికీ మీంచి ఫొటో వైపు తిరిగింది. "ఇస్త్రీపెట్టె నా చేతికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. పతకాలు లేకుండా చూస్తే ఎందుకు తీశారని అందరూ అడుగుతారని, ఆయన్ని లేపి కుర్చీకి ఆనించి, సొరుగులోంచి తీసి పెట్టాను. పడకగది గుండా కిందికొచ్చేశాను. ఆ తర్వాత అతను వస్తాడని నాకు తెలియదు."

సిస్టర్‌కి జాలేసింది. జాలిని పక్కకి నెట్టడం ఈ వృత్తిలో మొదటి పాఠం, అయినా ఆమెకి అది ఎప్పుడూ సరిగ్గా రాలేదు. "చెయ్యనివాడు లాకప్‌లో ఉన్నాడమ్మా. వాడి పెళ్ళాం మీ గేటు దగ్గర నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ రాగానే నాతో చెప్పిందే అతనితో చెప్పండి."

కోడలు తల ఊపింది. "చెబుతాను. పాపని ఎవరి దగ్గర ఉంచాలో కాస్త ఆలోచించుకోనివ్వండి."

అంతలో బూట్ల చప్పుడయింది. ఇన్‌స్పెక్టర్ తలుపు కూడా తట్టకుండా లోపలికొచ్చాడు. అతని ఎడమ జేబు మీద పిన్నీసు గుచ్చి ఉంది. నేరుగా, ఒక్క వంకర లేకుండా.

"చూసుకోండి సిస్టర్" అన్నాడు.

"ఎవరు గుచ్చారది?"

"ఎవరికివ్వమన్నారో వాడే. మొదట గిలక్కాయ లాగే గలగలలాడాడు. పిన్నీసు ఎందుకో చెప్పాను. పతకాలు గుచ్చిన చెయ్యి ఎవరిదో తేలాలి, నీది కాకపోతే ఈ ఇంట్లోవాళ్ళది అవుతుంది అన్నాను. కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత పిన్నీసు అందుకుని, ఇదిగో ఇలా గుచ్చాడు. నీళ్ళ గ్లాసిస్తే చుక్క ఒలకలేదు. సంతకం నా సంతకం కంటే బాగుంది. కొట్టింది నేనే, పతకాలు పెట్టింది నేనే, కావాలనే కుడివైపు పెట్టాను అన్నాడు."

సిస్టర్ మంచం మీంచి లేచింది. "కుడివైపు అని నువ్వు చెప్పావా వాడికి?"

"నేను చెప్పలేదు. వాడే చెప్పాడు."

పతకాలు కుడివైపున్నాయని తల పైకెత్తినప్పుడే కనపడి ఉండొచ్చు, కానీ ఇంట్లోవాళ్ళ మాట ఎత్తగానే నేరం నెత్తినేసుకున్నాడంటే వాడు గుచ్చిన మనిషినే చూశాడు. మెట్ల వైపు తలుపు దగ్గర నిలబడి, శవం మీద వంగి పతకాలు గుచ్చుతున్న మనిషిని వెనక నుంచి చూశాడు. ఆమె వెళ్ళిపోయేదాకా ఆగి, అప్పుడు లోపలికొచ్చి ముసలాయన తల పైకెత్తాడు. చూసింది ఎవరికీ చెప్పలేదు.

"ఇంకేమన్నా అన్నాడా?"

"అర్థం లేని మాట ఒకటి అన్నాడు. ఆ పాపకి ఉన్నది వాళ్ళమ్మ ఒక్కతే కదా సార్, వాళ్ళ నాన్నని నేను ప్రాణంతో తేలేకపోయాను అన్నాడు." ఇన్‌స్పెక్టర్ గర్వంగా జేబు సవరించుకున్నాడు. "వాడి చేతులు ఆగవని పందెం కాసింది మీరు. ఆగాయి. నేను కళ్ళారా చూశాను. నటన అని ఆ డాక్టరు సరిగ్గానే రాశాడు."

సిస్టర్ కోడలి వైపు తిరిగింది. "చెప్పండమ్మా."

కోడలు నిలబడింది. ఫొటో వైపు చూసింది. ముక్కాలిపీటని కాలితో గోడ దగ్గరికి జరిపింది. ఆమె ముఖంలో ఏదో తలుపు మూసుకోవడం సిస్టర్‌కి స్పష్టంగా తెలిసింది. ఇన్‌స్పెక్టర్ కాస్త ముందు వచ్చి ఉంటే, లేదా కాస్త తర్వాత వచ్చి ఉంటే ఆ తలుపు తెరిచే ఉండేది.

"నేను చెప్పడానికేముంది" అంది కోడలు మెల్లగా. "మామయ్యగారు అతని మీద జాలిపడి ఇంటికి పిలిచారు. ఇలా జరిగింది. ఇన్‌స్పెక్టర్‌గారూ, సభకి నేను వెళ్ళొచ్చా? ఆయన బదులు ఇంటి నుంచి ఎవరో ఒకరు ఉండాలి."

"తప్పకుండా అమ్మా. నేనే కారు దాకా వస్తాను."

"ఆవిడ నాతో అంతా చెప్పింది" అంది సిస్టర్.

ఇన్‌స్పెక్టర్ కోడలి వైపు చూశాడు. కోడలు నేల వైపు చూసింది. "సిస్టర్‌గారు పెద్దవాళ్ళు. అతని మీద అభిమానం కొద్దీ ఏదో అనుకున్నారు" అంది.

సిస్టర్ గుమ్మం వైపు నడిచింది. కోడలు చెప్పింది విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. పతకాలు గుచ్చడం చూసిన ఒక్క సాక్షీ నేరం తన నెత్తినేసుకుని సంతకం పెట్టాడు. వాడి చేతుల్ని నమ్ముకుని, ఆ పిన్నీసుని ఆ చేతికి పంపించింది తనే.

గేటు దగ్గర గిలక్కాయ భార్య గోడనానుకుని నిలబడి ఉంది. సిస్టర్‌ని చూడగానే రెండడుగులు ఎదురొచ్చింది. చావు కబుర్లు చెప్పడానికి సిస్టర్‌కి ఒక పద్ధతి ఉంది. చుట్టూ తిప్పకూడదు, చెయ్యి పట్టుకుని సూటిగా చెప్పెయ్యాలి. చెయ్యి పట్టుకుంది.

"చెయ్యని పని చేశానని ఒప్పుకున్నాడమ్మా. పిన్నీసు ఇస్తే గుచ్చి చూపించాడు. చేతులు వణకలేదట."

ఆవిడకి మొదటి మాట వినపడినట్టే లేదు.

"ఆగాయా?" అంది. "నిజంగా ఆగాయా సిస్టర్? రెండు చేతులూనా?"

ఆరేళ్ళుగా ఎన్ని మందులు పోసినా, ఎంతమంది డాక్టర్ల కాళ్ళు మొక్కినా జరగనిది జరిగింది. ఆ ముఖమంతా ఒక్కసారిగా సంతోషం నిండింది. ఆ సంతోషాన్ని చూడలేక సిస్టర్ తల దించుకుంది.

"ఒక్కసారి చూడనిస్తారేమో అడుగుతాను" అంటూ ఆవిడ చెయ్యి విడిపించుకుని స్టేషన్ వైపు పరిగెత్తింది. సిస్టర్ ఆగమని పిలిచింది. మోకాళ్ళ నొప్పితో వెనకాలే నాలుగడుగులు వేసేసరికి ఆవిడ వీధి చివరకి చేరిపోయింది.